మొలకి ఇనుము చుట్టుకున్న రాజు

ముందే చెప్పేస్తాను, నాకు గోల్ఫ్ రాదు. మన కాలేజీలో ఉన్న నాలుగేళ్ళలో నేను ఆడినవి రెండే ఆటలు. సాయంత్రం హాస్టల్ వెనకాల టెన్నిస్ బంతితో క్రికెట్, పరీక్షకి ముందు రాత్రి క్యారమ్స్. గోల్ఫ్ అంటే ఛానెల్ మారుస్తుంటే మధ్యలో కనిపించే పచ్చగడ్డి, అంతే. అలాంటిది మొన్న ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని స్టర్లింగ్ అనే ఊళ్ళో, ఒక పెద్ద కోట కింద, చేతిలో అరువు కర్రతో నిలబడి ఉన్నాను. దీనికి కారణం మా ఓనర్ గారు. నేను ఎమ్మెస్ చదువుతూ అద్దెకుంటున్న గది ఆయనదే. ముప్ఫై ఏళ్ళు వంతెనలు కట్టించి రిటైరయ్యారు. ఆదివారం పూట గదిలో కూర్చుని ఫోన్ చూస్తున్న కుర్రాణ్ణి చూస్తే ఆయనకి ప్రాణం ఆగదు. క్లబ్‌కి తీసుకెళ్తానంటే సాహిత్యం క్లబ్బేమో అనుకుని సరే అన్నాను. అలవాటు మరి!

గోల్ఫ్ మైదానాల్లో రెండు జాతులున్నాయని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. సముద్రం పక్కన ఇసుక దిబ్బల మీద, చెట్టన్నది లేకుండా గాలికి బోసిగా ఉండేవి ఒక రకం. ఊరి మధ్యలో పెద్ద పెద్ద చెట్లతో, మెత్తటి పచ్చికతో తోటలా ఉండేవి ఇంకో రకం. స్టర్లింగ్‌ది రెండో రకం. క్లబ్ పెట్టింది 1869లో. నేల మాత్రం అంతకంటే చాలా పాతది. ఒకప్పుడు రాజులు జింకల్ని వేటాడిన తోట అది. ఇప్పటికీ ఆ చోటు పేరు రాజుగారి తోటే. తోట అంచు నుంచి నల్లటి అగ్నిశిల నిట్టనిలువుగా లేస్తుంది. దాని నెత్తిన కోట.

కొండ పడమటి అంచున, కింద పడిపోతుందేమో అన్నట్టు ఒక బూడిద రంగు భవనం ఉంది. అదెవరు కట్టించారని అడిగాను. నాలుగో జేమ్స్ అని చెప్పి, ఈ దేశంలో గోల్ఫ్ కర్రలు కొన్నట్టు రాతపూర్వకంగా దొరికిన మొదటి మనిషి కూడా ఆయనేనన్నారు ఓనర్ గారు. గోల్ఫ్‌ని నిషేధించిన రాజు కూడా ఆయనేనని వెంటనే కలిపారు. నాకు ఆసక్తి పుట్టింది. ఆ రోజు ఆయన సగం చెప్పారు. మిగతా సగం తర్వాత రెండు వారాలు లైబ్రరీలో కూర్చుని చదువుకున్నాను. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

జేమ్స్ పుట్టింది 1473 మార్చి 17న. పెరిగింది ఈ కోటలోనే, తల్లి దగ్గర. ఆవిడ డెన్మార్క్ రాజు కూతురు. తండ్రి మూడో జేమ్స్ ఎక్కువగా ఎడిన్‌బరోలో ఉండేవాడు. ఆయనకి పెద్ద జమీందార్లతో పడలేదు. ఇంగ్లండ్‌తో స్నేహం చెయ్యడం వాళ్ళకి నచ్చలేదు, తమ మాట వినకుండా తన వాళ్ళనే దగ్గర పెట్టుకోవడం అసలే నచ్చలేదు. తల్లి 1486లో చనిపోయింది. 1488లో తిరుగుబాటు మొదలైంది. తిరుగుబాటుదార్లకి ఒక జెండా కావాలి కదా. ఆ జెండా రాకుమారుడే అయ్యాడు. అప్పటికి అతనికి పదిహేనేళ్ళు. మన లెక్కలో పదో తరగతి పిల్లాడు.

ఆ ఏడాది జూన్ 11న, కోటకి దక్షిణాన కొద్ది మైళ్ళ దూరంలో, సాకీబర్న్ అనే చోట యుద్ధం జరిగింది. ఒకవైపు తండ్రి సైన్యం, ఇంకోవైపు కొడుకు పేరు మీద లేచిన సైన్యం. తండ్రి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని కుర్రాడు ముందే ఆజ్ఞ ఇచ్చాడని చెబుతారు. కానీ సాయంత్రానికి తండ్రి శవమయ్యాడు. చంపిందెవరో ఇప్పటికీ తేలలేదు. శవాన్ని కోటకి కూతవేటు దూరంలో, నది వంపులో ఉన్న కాంబస్‌కెనెత్ మఠంలో, రెండేళ్ళ కిందట పోయిన భార్య పక్కనే పాతిపెట్టారు. కోట మీద నిలబడితే ఆ మఠం గంట గోపురం ఇవాళ్టికీ కనిపిస్తుంది. అంటే కొడుకు తన ఇంటి గోడ మీంచి ఎప్పుడు చూసినా తండ్రి సమాధి ఉన్న చోటు కనిపిస్తూనే ఉండేదన్నమాట.

అదే ఏడాది అక్టోబరులో పార్లమెంటు కూర్చుంది. పాత రాజు చనిపోవడం జరిగింది, అది పాత రాజుకి తప్పుడు సలహాలిచ్చినవాళ్ళ వల్ల జరిగింది, కొత్త రాజుకీ ఆయన మనుషులకీ ఏ పాపమూ అంటదు అని తీర్మానించింది. కాగితం మీద కేసు అక్కడితో మూసేశారు. జేమ్స్ మాత్రం మూయలేదు. మొలకి ఒక ఇనప గొలుసు చుట్టుకున్నాడు. మనవాళ్ళు మొలతాడు కట్టుకున్నట్టు, బట్టల కింద, ఒంటిని అంటిపెట్టుకుని ఉండేలా. ఏడాదికోసారి దానికి కొంత బరువు చేర్చేవాడని చెబుతారు. ఈస్టర్‌కి ముందు ఉపవాసాల రోజులొస్తే రాజవేషం తీసేసి, ఈ ఊళ్ళోనే తాను కట్టించిన సన్యాసుల మఠంలో ఉండేవాడు. దేశం ఉత్తరాన టెయిన్‌కి, దక్షిణాన విట్‌హార్న్‌కి ఏటేటా తీర్థయాత్రలు చేశాడు. 1507లో ప్రసవం తర్వాత రాణికి ప్రాణం మీదికొస్తే విట్‌హార్న్ దాకా కాలినడకన వెళ్ళాడు.

ఓనర్ గారు ఇదంతా చెప్పేసరికి మేం నాలుగో హోల్ దగ్గరికి వచ్చాం. నా ఆట సంగతి కొంచెం చెప్పాలి. పది దెబ్బలు కొడితే మూడు బంతికి తగులుతున్నాయి, ఏడు గడ్డికి తగులుతున్నాయి. లేచిన పచ్చిక ముక్కని ప్రతిసారీ తెచ్చి, లేచిన చోటే పెట్టి తొక్కాలి. అదక్కడి మర్యాద. బంతికంటే పచ్చికే ఎక్కువ దూరం వెళ్ళిందని ఆయన నవ్వారు. ఈ హోల్‌లో మాత్రం దెబ్బ బాగా తగిలింది, కానీ పక్కకి. బంతి వెళ్ళి చెట్ల మధ్య ఒక వేరు వెనకాల పడింది. బంతి ఎక్కడ పడితే అక్కణ్ణించే కొట్టాలి, ముట్టుకోకూడదు. ఆ మాట పొద్దున్నే చెప్పారు. నేను అటూ ఇటూ చూశాను. ఆయన దూరంగా తన సంచీ సర్దుకుంటున్నారు. బూటు కొసతో బంతిని ఒక్క అడుగు పక్కకి జరిపాను. తర్వాత రెండు సార్లు గాల్లో ఊపి, మూడోసారి కొట్టి, ఎలాగో గుంటలో వేశాను. ఎన్ని రాయమంటావని ఆయన అడిగారు. ఏడు అన్నాను. ఆయన ఏడు రాసుకున్నారు. ఇంకేమీ అడగలేదు.

ఈ ఆటలో అంపైర్ ఉండడని నాకప్పటికి తెలుసు. తప్పు జరిగితే ఆడినవాడే చెప్పుకుని ఒక దెబ్బ ఎక్కువ రాయించుకోవాలి. మామూలు ఆదివారం ఆట, పందెం కూడా లేదు, ఎవడికి నష్టం అనుకుని ముందుకి నడిచాను.

ఇప్పుడు నిషేధం సంగతి. గోల్ఫ్‌ని మొదట ఆపమన్నది జేమ్స్ తాత రెండో జేమ్స్, 1457లో. తర్వాత తండ్రి 1471లో మళ్ళీ అదే చట్టం చేశాడు. 1491లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, మన జేమ్స్ ప్రభుత్వం మూడోసారి చేసింది. కారణం సూటిగానే ఉంది. పక్కనే ఇంగ్లండ్, వాళ్ళ దగ్గర గొప్ప విలుకాళ్ళు. మనవాళ్ళు విల్లు పట్టకుండా గోల్ఫూ ఫుట్‌బాలూ ఆడుకుంటూ కూర్చుంటే రేపు యుద్ధంలో ఏం చేస్తారు అని. ఒకే చట్టం ముప్ఫై నాలుగేళ్ళలో మూడుసార్లు చెయ్యాల్సి వచ్చిందంటే జనం ఎంత బాగా పాటించారో మనకి వేరే చెప్పాలా? రాత్రి పదింటికి లైట్లార్పాలని మన హాస్టల్లో ఏటా నోటీసు ఎందుకు అంటించేవాళ్ళో గుర్తు తెచ్చుకోండి.

1502లో ఇంగ్లండ్‌తో శాశ్వత శాంతి ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఇంగ్లండ్ రాజు ఏడో హెన్రీ కూతురు మార్గరెట్‌తో పెళ్ళి. ఆ ఒప్పందం జరిగిన ఏడాదే, సెప్టెంబరులో, పెర్త్ ఊళ్ళో విల్లులు చేసే ఒకాయన దగ్గర రాజుగారికి గోల్ఫ్ కర్రలు కొన్నట్టు ఖజానా లెక్కల పుస్తకంలో ఉంది. ఖరీదు 14 షిల్లింగులు. విల్లులు చేసేవాడి చేత కర్రలు చేయించడం భలే ఉంది కదా, ఏ పని కోసం ఆట మానమన్నాడో ఆ పనివాడి చేతే ఆట సామాను! 1504 ఫిబ్రవరిలో బోత్‌వెల్ జమీందారుతో గోల్ఫ్ ఆడటానికి రాజు డబ్బు తీసుకున్న లెక్క కూడా ఉంది. పందెం కాశాడన్నమాట. ఈ దేశంలో పేరు పెట్టి రాసిన మొదటి గోల్ఫ్ ఆట అదే.

చట్టం చేసినవాడే చట్టం తప్పాడని నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఆ లెక్కల పుస్తకం చదువుతుంటే మనిషి మీద ఇష్టం పెరిగింది. ఎందుకంటే అతను కొన్న మిగతా సామాన్ల పద్దులు కూడా అందులోనే ఉన్నాయి. మన ల్యాబ్ ఇండెంట్‌లాగే ఉంటాయి. పటిక, పాదరసం, నవాసారం, తగరం, కొలిమికి బొగ్గు. పన్ను పీకే విద్య నేర్చుకుని, పీకించుకున్నవాళ్ళకి ఎదురు డబ్బిచ్చిన పద్దు కూడా ఉంది. స్కాట్లాండ్ వాళ్ళు ఇవాళ ప్రపంచానికి అమ్ముతున్న విస్కీకి దొరికిన మొట్టమొదటి రాత ఆధారం కూడా ఇతని కాలానిదే. రాజాజ్ఞ మీద ఒక సన్యాసికి ఎనిమిది బస్తాల దాకా మాల్ట్ ఇచ్చినట్టు 1494 నాటి పద్దు.

చదువు విషయంలో ఇంకా గట్టివాడు. 1495లో అబర్డీన్‌లో విశ్వవిద్యాలయానికి పోపు అనుమతి వచ్చింది. 1496లో డబ్బున్న భూస్వాములందరూ పెద్ద కొడుకుల్ని ఎనిమిది తొమ్మిదేళ్ళకే బడికి పంపి లాటిన్ నేర్పించాలని, లేకపోతే 20 పౌన్ల జరిమానా అని చట్టం చేశాడు. 1506లో ఎడిన్‌బరో శస్త్రవైద్యుల సంఘానికి రాజముద్ర వేశాడు. శరీరం లోపల ఏముందో నేర్చుకోవడానికి వాళ్ళకి ఏడాదికొక శవాన్ని ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. 1507లో దేశంలో మొదటి అచ్చుయంత్రానికి అనుమతి ఇచ్చాడు. మరుసటి ఏడాదికల్లా స్కాట్ భాషలో కవిత్వం అచ్చయింది. మన క్లబ్ వాళ్ళకి ఇది ముఖ్యం. అక్కడ విజయనగరంలో కృష్ణదేవరాయలు 1509లో గద్దెనెక్కే నాటికి ఇక్కడ ఈయన కవులకి జీతాలిస్తూ, పుస్తకాలు అచ్చు వేయిస్తూ ఉన్నాడు. తనకి లాటిన్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, స్పానిష్‌తో పాటు కొండప్రాంతాల గేలిక్ కూడా వచ్చని స్పెయిన్ రాయబారి రాశాడు. గేలిక్ మాట్లాడిన చివరి స్కాట్లాండ్ రాజు ఇతనేనంటారు.

ఇక నాకు బాగా తగిలిన కథ. జేమ్స్ ఆస్థానంలో ఇటలీ నుంచి వచ్చిన జాన్ డేమియన్ అనే రసవాది ఉండేవాడు. కొలిమి పెట్టి మామూలు లోహాన్ని బంగారం చేస్తానని ఏళ్ళ తరబడి రాజుగారి డబ్బు పొగచేశాడు. రాజు అతనితో పేకాట కూడా ఆడేవాడు. 1507లో డేమియన్ ఈకలతో రెక్కలు కట్టుకుని, స్టర్లింగ్ కోట గోడ మీంచి ఎగిరి ఫ్రాన్స్ వెళ్తానన్నాడు. దూకాడు. తిన్నగా కిందికి వచ్చాడు. తొడ ఎముక విరిగింది. ఎందుకు ఎగరలేదంటే, రెక్కల్లో కోడి ఈకలు కలిశాయట, కోడి ఆకాశానికి కాకుండా పెంటకుప్పకే పోతుంది కాబట్టి అవి తనని కిందికి లాగాయట. ఆ సంజాయిషీని తర్వాతి కాలంలో ఒక బిషప్ చరిత్రలో రాసిపెట్టాడు. ఊరంతా నవ్వింది. కవులు వెక్కిరిస్తూ పద్యాలు రాశారు. రాజు మాత్రం అతన్ని తరిమెయ్యలేదు. మరుసటి ఏడాది పైచదువుకి విదేశం వెళ్ళడానికి అనుమతి ఇచ్చాడు.

ఓనర్ గారు నవ్వుతూ ఈ కథ చెబుతుంటే నేను కూడా నవ్వాను. కానీ సగంలో నవ్వు ఆగిపోయింది. కోడి ఈకలు నాకు తెలుసు.

మూడో సంవత్సరంలో మేం నలుగురం కలిసి ఒక రోబో చేశాం. నేను టీమ్ లీడర్‌ని. చక్రాలు చేసింది మా జూనియర్ ఒకడు, సెకండియర్. రెండు నెలలు ల్యాబ్ పలకల నేల మీద అది బాణంలా పరిగెత్తింది. పోటీ బయట మట్టి నేల మీద అని వాడు రెండుసార్లు చెప్పాడు, అన్నా ఒక్కసారి గ్రౌండ్‌లో నడిపి చూద్దామని. టైమ్ లేదన్నాను. పోటీకి ముందు రాత్రి వాన పడింది. గీత మీంచి నాలుగడుగులు వెళ్ళి రోబో బురదలో కూరుకుపోయింది. ఎందుకిలా అయిందని జడ్జీలు అడిగితే, అందరి ముందూ, చక్రాలు సరిగ్గా చెయ్యలేదన్నాను. వాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. తర్వాత ఏడాదిన్నర మెస్‌లో కనిపిస్తే నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఫేర్‌వెల్ రోజున కూడా.

రాజు చివరి రోజు దగ్గరికి వస్తాను.

1509లో ఇంగ్లండ్‌లో ఏడో హెన్రీ పోయి ఎనిమిదో హెన్రీ వచ్చాడు. అంటే జేమ్స్‌కి బావమరిది. 1513లో అతను ఫ్రాన్స్ మీదికి దండెత్తాడు. ఫ్రాన్స్‌తో స్కాట్లాండ్‌ది తరాల నాటి పొత్తు, ఆ పొత్తుని జేమ్స్ ముందు ఏడాదే మళ్ళీ గట్టి చేసుకున్నాడు. రెండు వైపులా మాటిచ్చినవాడు ఏదో ఒక మాట తప్పక తప్పదు. ఇంగ్లండ్‌తో మాట తప్పాడు. పోపు వెలి వేశాడు. జేమ్స్ ఆగలేదు.

అతని దగ్గర లేనిదేమీ లేదు. 1511లో నీళ్ళలోకి దింపిన గ్రేట్ మైకేల్ అనే ఓడ ఆనాటి యూరప్‌లోని పెద్ద ఓడల్లో ఒకటి. దాని కోసం ఫైఫ్ ప్రాంతంలో అడవులన్నీ కొట్టేశారని చరిత్రకారుడు రాశాడు. కొత్తగా పోత పోసిన కంచు ఫిరంగులున్నాయి. స్విట్జర్లండ్ సైనికులు వాడే కొత్త యుద్ధపద్ధతి ఉంది. పద్దెనిమిది అడుగుల దాకా పొడవుండే బల్లేలు పట్టుకుని, వందల మంది భుజం భుజం ఆనించి, కదిలే ముళ్ళకంపలా ముందుకి నడవడం. దాన్ని నేర్పడానికి ఫ్రాన్స్ నుంచి మనుషులొచ్చారు. సైన్యం సరిహద్దు దాటింది, నోరమ్ కోటని ఆరు రోజుల్లో పట్టుకుంది.

సెప్టెంబరు 9 మధ్యాహ్నం, ఫ్లాడెన్ దగ్గర బ్రాంక్‌స్టన్ గుట్ట మీద స్కాట్లాండ్ సైన్యం, కింద ఇంగ్లండ్ సైన్యం. అవతలి సేనాపతి సర్రీ ప్రభువు, డెబ్బై ఏళ్ళ ముసలాయన. పైన ఉన్నవాడిదే పైచేయి అనుకుంటాం. పెద్ద ఫిరంగులు కిందికి గురిపెట్టి కొడితే గుండ్లు తలల మీంచి పోయాయి. ఎడమ చివర ఉన్న దళం దిగి గెలిచింది. అది చూసి రాజు తన దళంతో దిగాడు. వానకి వాలు జారుతోంది. పట్టు కోసం సైనికులు చెప్పులు విప్పి ఒట్టి కాళ్ళతో దిగారట. వాలు అడుగున, పైనుంచి చూస్తే తెలియని ఒక పల్లం ఉంది. అందులో వాగు, బురద. కదిలే ముళ్ళకంప సదునుగా ఉన్న నేల మీద ఎవరూ ఆపలేరు. బురదలో కాలు కూరుకుని వరస చెదిరిందా, పద్దెనిమిది అడుగుల బల్లెం తిప్పడానికి కూడా పనికిరాదు. ఇంగ్లండ్ వాళ్ళ చేతిలో ఎనిమిదడుగుల ఆయుధం, కొసన గొడ్డలీ కొక్కెమూ ఉన్నది. దాంతో బల్లేల్ని నరుక్కుంటూ లోపలికొచ్చారు.

సర్రీ వెనకాల నిలబడి సైన్యాన్ని నడిపాడు. జేమ్స్ ముందు వరసలో నిలబడి పోరాడాడు, కాబట్టి వెనక ఏం జరుగుతోందో చూసేవాడు లేడు. ఇతను గొప్ప ధైర్యవంతుడే గానీ మంచి సేనాపతి కాడు, ఆజ్ఞలు ఇవ్వకముందే యుద్ధంలోకి దూకుతాడు అని పదిహేనేళ్ళ కిందటే ఆ స్పెయిన్ రాయబారి రాశాడు. సర్రీకి బల్లెం దూరంలోకి వచ్చి జేమ్స్ పడిపోయాడు. నలభై ఏళ్ళు. ఈ ద్వీపంలో యుద్ధంలో చనిపోయిన చివరి రాజు. స్కాట్లాండ్ వైపు పోయినవాళ్ళు పది వేల దాకా ఉంటారని అంచనా. వాళ్ళలో జేమ్స్ కొడుకు అలెగ్జాండర్ ఒకడు. రాణి కొడుకు కాదు. ఎరాస్మస్ అంతటి పండితుడి దగ్గర చదువుకున్న ఇరవై ఏళ్ళ కుర్రాడు. సాకీబర్న్‌లో తండ్రి పోతే కొడుకు మిగిలాడు. ఇక్కడ ఇద్దరూ మిగల్లేదు.

శవాన్ని ఇంగ్లండ్ వాళ్ళు బెర్విక్‌కి, అక్కణ్ణుంచి లండన్ వైపుకి తీసుకెళ్ళారు. వెలివేసిన మనిషి కాబట్టి మామూలుగా పాతిపెట్టడానికి లేదు. ఒక మఠంలో ఉంచారు, తర్వాత జాడ లేకుండా పోయింది. స్కాట్లాండ్‌లో చాలామంది అది తమ రాజు శవమే కాదన్నారు. దాని మొలకి ఇనుము లేదట. ఇరవై అయిదేళ్ళు దాచుకున్న బరువునే చివరికి జనం అతని ఆనవాలు అనుకున్నారు.

యుద్ధమైన పన్నెండు రోజులకి, సెప్టెంబరు 21న, ఇదే స్టర్లింగ్ కోటలో పదిహేడు నెలల పిల్లాణ్ణి తెచ్చి అయిదో జేమ్స్ అని కిరీటం పెట్టారు. ఆ పెద్ద ఓడని మరుసటి ఏడాది ఫ్రాన్స్‌కి అమ్మేశారు.

ఈ ఫ్లాడెన్ సంగతి ఓనర్ గారు చెప్పింది చివరి హోల్‌కి ముందు, ఒక ఎత్తు మీద ఆగి. కింద జెండా కనిపిస్తోంది. నేను కర్ర ఎత్తబోతుంటే ఆపి, జెండా కాదు, మధ్యలో నేల చూడమన్నారు. నాకు సదునుగానే కనిపించింది. నాలుగడుగులు పక్కకి జరిగి చూశాక పల్లం కనబడింది. వంతెన కట్టేవాడు ముందు అవతలి ఒడ్డుని చూడడు, మధ్యలో మట్టిని చూస్తాడని ఆయన అన్నారు. అయినా నా బంతి ఆ పల్లంలోనే పడింది. అది వేరే సంగతి.

ఆట అయ్యాక క్లబ్‌లో కూర్చుని ఆయన లెక్క కూడుతున్నారు. నా పేరు కింద వరసలో నాలుగో గడిలో ఏడు ఉంది. ఎదురుగా కిటికీలోంచి కోట. పార్లమెంటు తప్పు లేదని రాసిచ్చినా గొలుసు చుట్టుకున్న మనిషి కట్టించిన ఇల్లు. గొలుసు కట్టుకున్నంత మాత్రాన అతను గొప్పవాడైపోయాడని నేననను. బరువు మోయడం నేర్చుకున్నాడు గానీ ఆగి నేల చూడటం నేర్చుకోలేదు, దానికి వేల కుటుంబాలు మూల్యం కట్టాయి. కానీ కోడి ఈకల మీదికి మాత్రం ఎప్పుడూ నెట్టలేదు.

ఆ నాలుగో గడి తప్పని చెప్పాను. గాల్లో ఊపినవి రెండు, బంతి జరిపినందుకు ఇంకొకటి, మొత్తం పది అన్నాను. ఆయన తలెత్తి చూడలేదు. ఏడు కొట్టేసి పది రాసి, పక్కన నా చేత సంతకం పెట్టించారు. మొత్తం నూట నలభై మూడు అయింది. ఆయన అరవై ఏళ్ళ ఆటలో అంత పెద్ద అంకె ఎప్పుడూ కూడలేదట.

ఆ రాత్రి మా జూనియర్‌కి ఫోన్ చేశాను. ఇక్కడ తొమ్మిదిన్నర, అక్కడ రెండు. వాడు మేలుకునే ఉన్నాడు, ఇంజనీరు కదా. నాలుగేళ్ళ తర్వాత చేసిన ఫోన్. అటూ ఇటూ పోకుండా చెప్పేశాను, చక్రాల తప్పు లేదు, నేలమీద నడిపి చూడనిది నేను, అందరి ముందూ నీ మీద నెట్టాను అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్చిపోయానన్నా అంటాడేమో అనుకున్నాను. అనలేదు. ఆ రోజు బస్సులో తిరిగొస్తుంటే చక్రాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానని చెప్పాడు. ఇప్పటికీ వాటిని పారెయ్యలేదట, ఇంట్లో అటక మీద ఉన్నాయట. ఈ వ్యాసం మ్యాగజైన్‌కి పంపే ముందు వాడికి చదివి వినిపించాను. పేరు వెయ్యొద్దన్నాడు, వెయ్యలేదు.

వచ్చే డిసెంబరులో ఇంటికొచ్చినప్పుడు ఆ చక్రాలు దించి, మన గ్రౌండ్‌లోనే, వీలైతే వాన పడ్డ మర్నాడు, నడిపి చూద్దాం అనుకున్నాం. జూనియర్లెవరైనా ఉంటే రండి.